నలభై ఒక్క ఫోటోలు సముద్రంలో పడ్డాయి

"సాయంత్రం ఆరింటికి ఓడ కదులుతుంది. కదిలేటప్పటికి మీ బావ అందులో ఉండకూడదు. అంతే నీ డ్యూటీ," అన్నాడు పెద్దాయన.

ఉదయం తొమ్మిదిన్నర. కిటికీల్లేని గది. గోడ మీద రేవు మ్యాప్, దాని మీద రెండు వందల పన్నెండు ఎర్ర చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో గోడౌన్. ఆ మ్యాప్ ముందు నిలబడ్డ మనిషి కోడ్‌నేమ్ డేగ. గూఢచారి శాఖలో ఇరవై రెండేళ్ళ సర్వీసు. కదిలే రైలు మీంచి దూకినవాడు, ఆగిపోయిన లిఫ్టులో తొమ్మిది గంటలు తుమ్మకుండా దాక్కున్నవాడు, "నాకేం తెలీదు బాబూ" అని పదకొండు భాషల్లో చెప్పగలవాడు. శాఖలో కుర్రాళ్ళు అతన్ని చూస్తే లేచి నిలబడతారు. ఇంట్లో మాత్రం అక్క చిన్నా అని పిలుస్తుంది, సర్వే ఆఫీసులో గుమాస్తా అనుకుంటుంది.

"బ్రీఫింగ్ ఇవ్వండి సర్," అన్నాడు డేగ.

"గ్రే రింగ్. విదేశీ ముఠా. నాలుగు రోజుల కిందట మన సంకేతాల ఇంజినీరుని ఎత్తుకుపోయారు. నౌకాదళం కోడ్‌లన్నీ ఆయన బుర్రలో ఉన్నాయి. ఓడ తీరం దాటాక ఆయన నోరు విప్పితే మనకి ప్రమాదం. విప్పకపోతే ఆయనకి." పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆయన నీ అక్కగారి భర్త అని నాకు తెలుసు. నిన్ను ఈ పనిలో పెట్టొద్దని పైనుంచి నోట్ వచ్చింది. నేనింకా చదవలేదులే."

"రేవంతా సోదా చేస్తే?"

"మొదటి తలుపు కొట్టగానే ఆయన్ని చంపేస్తారు. ఒక్క తలుపే కొట్టాలి. అది ఆ తలుపే అయ్యుండాలి."

"ఏ తలుపో ఎవరికి తెలుసు?"

"నెమలికి."

డేగ నిట్టూర్చాడు. నెమలి డబుల్ ఏజెంట్. గ్రే రింగ్ ఆమెని తమ మనిషి అనుకుంటుంది, శాఖ తన మనిషి అనుకుంటుంది, ఆమె మనసులో ఏముందో ఆమె అద్దానికి కూడా చెప్పదు. ఎర్ర పట్టు స్కార్ఫ్, ఎత్తు మడమల చెప్పులు, ఎదుటివాడు చెప్పాలనుకున్నది మరిచిపోయేలా చేసే నవ్వు. నిన్న ఆమెని బావ ఉన్న చోటికి తీసుకెళ్ళారు. కాకపోతే కిటికీల్లేని లాండ్రీ వ్యాన్‌లో, ఇరవై మూడు చోట్ల ఆపుతూ. ఎక్కడికి వెళ్ళిందో ఆమెకే తెలియదు.

"కానీ ఆమె జుట్టు క్లిప్‌లో మన కెమెరా ఉంది," అన్నాడు పెద్దాయన. "నలభై ఒక్క ఫోటోలు తీసింది. తీసిన చోటు ఏదో ప్రతి ఫోటోలోనూ దానంతటదే నమోదవుతుంది. ఫోటో కంప్యూటర్‌లో తెరిస్తే చాలు, మ్యాప్ మీద చుక్క పడుతుంది. కార్డు కళ్ళజోళ్ళ షాపులో ఉంది. వెళ్ళి పట్రా."

ఇంత తేలికైన పని తన సర్వీసులోనే లేదనుకున్నాడు డేగ. పాపం!

పదిన్నరకి కళ్ళజోళ్ళ షాపులోకి ఒక ముసలాయన కుంటుకుంటూ వెళ్ళాడు. తెల్ల విగ్గు, చేతికర్ర, చెవిలో వినికిడి మిషన్. మోకాలు నిజంగానే నొప్పి కాబట్టి కుంటడానికి డేగ పెద్దగా నటించనక్కర్లేకపోయింది. షాపు బయట గ్రే రింగ్ మనిషి ఒకడు పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు.

"ఈ జోడుతో దగ్గరవి కనబడట్లేదయ్యా," అన్నాడు ముసలాయన.

"దూరానివి కనబడుతున్నాయా?" అన్నాడు షాపువాడు. అది సంకేతం.

"ఈ వయసులో అవి కనబడితే ఎంత, కనబడకపోతే ఎంత!"

జవాబు సరిపోయింది. కళ్ళజోడు పెట్టె చేతులు మారింది. దాని వెల్వెట్ గుడ్డ కింద గోరంత మెమరీ కార్డు. బయటికొస్తుంటే పేపరు మనిషే లేచి ముసలాయన్ని చెయ్యిపట్టి రోడ్డు దాటించాడు. శత్రువు చెయ్యి పట్టుకుని శత్రువు రహస్యంతో దాటిపోవడం శాఖ చరిత్రలో అదే మొదలని డేగ మనసులో మురిసిపోయాడు. సాయంత్రం దాకా అతనికి దక్కిన సంతోషం అంతే.

పదకొండుంపావుకి కార్డు ఫోటో ల్యాబ్‌లో ఉంది.

ల్యాబ్ నడిపే ఆవిడని శాఖలో అందరూ పిన్ని అంటారు. యాభై ఎనిమిదేళ్ళు, ముక్కు చివర కళ్ళజోడు, భుజాన స్వెటరు. మంత్రిగారు వచ్చినా కుర్చీలోంచి లేవదు. కార్డు పెట్టి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇంపోర్ట్ నొక్కింది. నలభై ఒక్క ఫోటోలు ఒక్కొక్కటే తెర మీదికి దిగాయి. చీకటి గది. తేమ పట్టిన గోడ. ఒకే ఒక కుర్చీ. కుర్చీకి కట్టేసి బావ.

డేగ చూపు తిప్పుకున్నాడు, మళ్ళీ చూశాడు. బావ గడ్డం మాసింది. చొక్కా మాత్రం పై గుండీ దాకా పెట్టుకునే ఉన్నాడు.

"రెండు కాపీలు పడ్డాయి," అని పిన్ని కార్డు తీసి బల్ల పక్కనున్న ష్రెడర్‌లో వేసింది. కటకటమని పొడైపోయింది. పద్నాలుగో నంబరు రూలు: ఇంపోర్ట్ పూర్తయిన అయిదు నిమిషాల్లో అసలు కార్డు ఉండకూడదు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ ఆ రూలు తప్పలేదు. తర్వాత మ్యాప్ తెరిచింది.

మ్యాప్ మీద ఒక్క చుక్క కూడా లేదు.

"ఇదేంటి?" అంది పిన్ని.

ఫోటో వివరాలు తెరిచింది. కెమెరా పేరు ఉంది. వెలుతురు లెక్కలున్నాయి. తీసిన టైము ఉంది. లొకేషన్ అన్నచోట చిన్న గీత. రెండో ఫోటో. గీత. మూడోది. గీత. నలభై ఒకటీ చూసింది. నలభై ఒక్క గీతలు.

"ఒకవేళ కెమెరాలోనే లొకేషన్ ఆన్ చెయ్యలేదేమో," అన్నాడు డేగ.

"ఆ క్లిప్‌కి ఆఫ్ బటనే లేదు నాయనా, నేనే టెస్ట్ చేశాను. వచ్చేటప్పుడు ఉంది. ఇక్కడికొచ్చాక పోయింది."

"కార్డులోంచి మళ్ళీ..."

ఇద్దరూ ష్రెడర్ వంక చూశారు. పిన్ని మొహం పాలిపోయింది.

"అయ్యో నా తల్లీ, నా చేతులారా వేశాను కదరా!"

"మీ తప్పేం లేదు పిన్నీ, రూలు." ఆ మాట అని డేగ ష్రెడర్ మూత తీసి లోపలి పొడి వేళ్ళతో కెలికాడు.

ఇక మొదలైంది. పిన్ని స్వెటరు పక్కన పడేసి పనిలోకి దిగింది. మ్యాప్‌కి ఫిల్టరేమైనా పెట్టారేమోనని చూసింది, లేదు. ఫైల్లోని మెటాడేటా, అంటే ఫోటో వివరాలు, మళ్ళీ చదవమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పింది, అది చదివి గీతే చూపించింది. సాఫ్ట్‌వేర్ మూసి తెరిచింది. కంప్యూటర్ ఆపి వేసింది. ఫోటో పక్కన లొకేషన్ దాచుకునే చిన్న ఫైలేదైనా విడిగా పడిందేమోనని ఫోల్డర్లన్నీ తిరగేసింది. రెండో కాపీ తెరిచింది. అదీ అదే ఇంపోర్ట్ గుండా వచ్చిందే, ఆవు వెనక దూడలాగా దీనికేం లేదో దానికీ అదే లేదు.

డేగ వెనక నిలబడ్డాడు. కూర్చున్నాడు. లేచాడు. తుపాకీ విప్పి తుడిచి మళ్ళీ బిగించాడు. గోడ దూకమంటే దూకుతాడు, నిప్పులో నడవమంటే నడుస్తాడు, ఇక్కడ నొక్కాల్సిన మెనూ ఏదో అతనికి తెలియదు. తెలిసిన మనిషి నొక్కినా పని కావడం లేదు. చేతులు కట్టుకుని చూడటం ఎలాగో ఏ ట్రైనింగ్‌లోనూ ఎవరూ నేర్పలేదు. ఏడవాలనిపించింది. అంతకన్నా ఆ తెర పగలగొట్టాలనిపించింది.

ఒంటిగంటకి ఫోన్ మోగింది. అక్క.

"చిన్నా, భోంచేశావా?"

"ఆఁ అక్కా."

"అబద్ధం. సరే గానీ, మీ బావ ఫోన్ ఎత్తట్లేదురా. నాలుగు రోజుల క్యాంపన్నారు, మీటర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి క్యాంపులేంటో! బీపీ మాత్రలు ఇక్కడే వదిలేసి వెళ్ళారు. మతిమరుపు మనిషి. ఆ క్యాంపు ఎక్కడో నీకేమైనా చెప్పారా? అడ్రస్ చెప్పు, నేనే పంపిస్తాను."

డేగ తెర మీది గీత వంక చూశాడు. "అడ్రస్..." అన్నాడు.

"ఆఁ, అడ్రస్. రాసుకుంటున్నా, చెప్పు."

"కనుక్కుని చెప్తానక్కా."

"మాత్రలు లేకపోతే తల తిరుగుతుందిరా ఆయనకి. త్వరగా కనుక్కో." పెట్టెయ్యబోయి ఆగింది. "నీ గొంతేంటి అలా ఉంది?"

"జలుబు."

ఫోన్ పెట్టేసి మొహం రెండు చేతులతో కప్పుకున్నాడు. పిన్ని విననట్టే కీబోర్డు వంక చూస్తూ కూర్చుంది, ముక్కు మాత్రం ఎగబీల్చింది.

రెండున్నరకి దొరికింది దొంగ. ఇంపోర్ట్ కిటికీలో కిందికి, ఇంకా కిందికి, ఎవరూ ఎప్పుడూ వెళ్ళనంత కిందికి వెళితే, ఒక చిన్న గడిలో టిక్కు. పేరు "తెల్లకాగితం". పిన్ని దాన్ని తెరిచింది. లోపలికి వచ్చే ప్రతి ఫోటోలోంచీ లొకేషన్ చెరిపెయ్యమని అందులో రాసి ఉంది.

"ఎవడ్రా ఇది పెట్టింది!" పిన్ని కేక కారిడార్ చివరి దాకా వినిపించింది.

ఆ కేకకి వచ్చినవాడు సెక్యూరిటీ ఆఫీసరు. శాఖలో అతని పేరు తాళంకప్ప. తాళం వెయ్యదగ్గ వస్తువు కనిపిస్తే వేస్తాడు, వెయ్యరానిది కనిపిస్తే దానికి తలుపు పెట్టించి వేస్తాడు.

"తెల్లకాగితమా? అది రహస్యం," అన్నాడు.

"ఇది నా కంప్యూటరయ్యా!" అంది పిన్ని.

"అందుకే మీకు చెప్పలేదు. కిందటి నెల వీడ్కోలు పార్టీ గ్రూపు ఫోటో ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారు. అందులో మన ఆఫీసు లొకేషన్ ఉంది. మర్నాడు ఇన్సూరెన్స్ ఏజెంటు వచ్చి తలుపు కొట్టాడు. దేశంలో ఏ శత్రువుకీ తెలియని తలుపు! అందుకని సోమవారం నుంచి లోపలికొచ్చే ప్రతి ఫోటోకీ లొకేషన్ తీసేసే ఏర్పాటు చేశాను. ఆ ఉత్తర్వు చదివే హోదా ల్యాబ్‌కి లేదు."

"బయటికి వెళ్ళేవాటికి తీసెయ్యాలి గానీ లోపలికి వచ్చేవాటికా?" అన్నాడు డేగ. మెల్లగానే అన్నాడు. తాళంకప్ప రెండడుగులు వెనక్కి వేశాడు.

ఎలకలున్నాయని ఇంటికి నిప్పంటించినవాడి కథ విన్నాంగానీ, అతనికి నెల నెలా జీతం ఇచ్చి పెట్టుకున్న ఆఫీసు ఇదొక్కటే. పెద్దాయన దిగి వచ్చాడు. సంగతి విని కుర్చీలో కూలబడ్డాడు. చెరిపిందాన్ని తిరిగి రప్పించే మార్గం ఉందా అని అడిగాడు. లేదంది పిన్ని. గోడ గడియారం మూడు దాటింది, మూడున్నర దాటింది. బయట ఎవరో టైపు చేస్తూనే ఉన్నారు.

ఉన్నట్టుండి డేగ తాళంకప్ప ముందుకొచ్చి చేతులు జోడించాడు. ఇరవై రెండేళ్ళలో అతను ఎవరికీ చేతులు జోడించింది లేదు.

"సార్, మీరు ఇన్ని దాస్తారు కదా. ఎక్కడైనా, ఏదైనా, పనికొచ్చేది ఒక్కటి దాచి ఉంటే చెప్పండి. మా అక్కకి ఆయన తప్ప ఎవరూ లేరు. నేనున్నాగానీ, నేను ఉండీ లేనట్టే. ఆవిడ మాత్రల డబ్బా పట్టుకుని అడ్రస్ కోసం కూర్చుంది."

తాళంకప్ప వెళ్ళి గది తలుపు గడియ వేసి వచ్చాడు.

"ఒకటుంది. కానీ అది పెద్దాయన హోదాకి కూడా అందనంత రహస్యం."

"నేను చెవులు మూసుకుంటాను, చెప్పు," అన్నాడు పెద్దాయన. నిజంగానే మూసుకున్నాడు.

"నెమలి మీద నాకు నమ్మకం లేదు. అందుకని రెండు నెలల కిందట ఆమె ఎడమ చెప్పు మడమలో ట్రాకర్ పెట్టించాను. ఆమె ఎక్కడెక్కడ తిరిగిందో నిమిషం నిమిషానికీ ఒక లాగ్ తయారవుతుంది. నిన్నటిది నా బీరువాలో ఉంది."

పిన్ని కుర్చీలోంచి లేచింది. మంత్రికి లేవని మనిషి! "ఇన్ని గంటలూ చెప్పవేమయ్యా! ఫోటోలో టైము ఉంది. లాగ్‌లో టైమూ చోటూ ఉన్నాయి. రెండూ కలిపితే ఏ ఫోటో ఎక్కడ తీసిందో సాఫ్ట్‌వేరే చెప్తుంది. పరిగెత్తు!"

తాళంకప్ప పరిగెత్తాడు. అతని బీరువాకి ఏడు తాళాలు. తెచ్చేసరికి నాలుగున్నర. పిన్ని లాగ్‌ని ఎక్కించింది. మ్యాప్ మీద నిన్నటి లాండ్రీ వ్యాన్ తిరిగిన దారి నీలిగీతగా పరుచుకుంది, ఇరవై మూడు మజిలీలతో సహా. "ఫోటోలకు ట్యాగ్ చెయ్యి" అని నొక్కింది. నలభై ఒక్క చుక్కలు టపటపా పడ్డాయి.

అన్నీ సముద్రంలో పడ్డాయి.

"ఇదేం ఖర్మరా దేవుడా," అంది పిన్ని.

ఫోటోల టైము మధ్యాహ్నం మూడుంపావు అంటోంది. ఆ సమయానికి వ్యాన్ తిరుగు ప్రయాణంలో లాంచీ ఎక్కి రేవు దాటుతోంది. బావ కుర్చీ నీళ్ళ మీద లేదు కదా. కెమెరా గడియారం తప్పు.

"అవును, తప్పే," అన్నాడు తాళంకప్ప నేల చూపులు చూస్తూ. "మన కెమెరాలన్నింటికీ నెలనెలా గడియారం తప్పుగా పెడతాం. శత్రువు చేతికి చిక్కినా వాడికి అర్థం కాకూడదని. ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు తప్పో ఒక్కరికే తెలుసు."

"ఎవరికి?"

"సంకేతాల ఇంజినీరుగారికి."

నలుగురూ తెర వంక చూశారు. ఆ ఒక్కరూ అక్కడే ఉన్నారు, పై గుండీ పెట్టుకుని, కుర్చీకి కట్టేసి. డేగకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఏడుపైంది. పెద్దాయన వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

అప్పుడు పిన్ని కళ్ళజోడు ముక్కు పైకి తోసుకుంది. "గదిలో గోడ గడియారం ఏమైనా పడిందేమో చూద్దాం. ఫోటో టైముకీ ఆ గడియారానికీ ఎంత తేడా ఉంటే అంత తప్పన్నమాట. మిగతావన్నీ అంతే జరపొచ్చు."

గోడ గడియారం లేదు. పంతొమ్మిదో ఫోటోలో బావ ఎడమ చెయ్యి ఉంది, చేతికి వాచీ ఉంది. పిన్ని వెలుతురు పెంచింది, మసక తగ్గించింది, దగ్గరికి లాగింది. ముళ్ళు కనబడ్డాయి. పదకొండూ ఇరవై ఆరు.

ఫోటోలన్నింటినీ ఆ లెక్కకి వెనక్కి జరిపింది. నలభై ఒక్క చుక్కలూ సముద్రంలోంచి లేచి నేల మీదికొచ్చి పదిహేనో మజిలీ మీద వాలాయి. రేవు కాలవ ఒడ్డున రంగుల గోడౌన్.

"పదండి," అన్నాడు పెద్దాయన. ఐదూ అయిదు.

డేగ కదల్లేదు. తెర వంక చూస్తున్నాడు. పద్నాలుగో మజిలీ పాత ఐసు ఫ్యాక్టరీ, కాలవకి ఇవతలి ఒడ్డున. పదిహేనోది సరిగ్గా దాని ఎదురుగా అవతలి ఒడ్డున. వ్యాన్ పదకొండూ ఇరవై మూడుకి ఐసు ఫ్యాక్టరీ వదిలి, ఇరవై అయిదుకి రంగుల గోడౌన్ చేరింది. ఒక తలుపు కొడితే రెండోదాంట్లో వినిపిస్తుంది.

"ఆ వాచీ కరెక్టు కాదు సర్. ముందుంటుంది. బావ ఎక్కడికైనా ఆలస్యంగా వెళ్తాడని అక్క ఆయనకి తెలియకుండా వాచీ ముందుకి తిప్పుతుంది. ఎంతో నాకు తెలీదు."

"అడుగు," అన్నాడు పెద్దాయన.

శాఖ నిబంధనల్లో అంతకన్నా పెద్ద తప్పు లేదు. తాళంకప్ప నోరు తెరిచాడు, పిన్ని అతని వంక చూసింది, అతను మూశాడు. డేగ నంబరు నొక్కాడు.

"అక్కా, ఒక చిన్న విషయం. బావ వాచీ నువ్వు ఎంత ముందుకి పెడతావు?"

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"ఎందుకురా?"

"ఊరికే. మా సర్వే ఆఫీసులో... ఒక లెక్క."

అక్క ఊపిరి పీల్చిన చప్పుడు డేగకి వినిపించింది. తర్వాత ఒక్కో అక్షరం విడివిడిగా, పిల్లవాడికి డిక్టేషన్ చెప్పినట్టు చెప్పింది.

"ఇదివరకు పది ఉండేది. కనిపెట్టేశారు. అందుకని ఈ నెల ఏడు చేశాను. ఏడు నిమిషాలు. సరిగ్గా ఏడు. రాసుకో. రాసుకున్నావా?"

"రాసుకున్నా."

"మరి ఫోన్ పెట్టెయ్. పని చూసుకో."

పదకొండూ పంతొమ్మిది. నలభై ఒక్క చుక్కలు కాలవ దాటి ఐసు ఫ్యాక్టరీ మీద పడ్డాయి.

ఐదూ యాభైకి ఐసు ఫ్యాక్టరీ వెనక తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. డేగ ఒంటి మీద ఇప్పుడు రేవు కూలీ నీలిచొక్కా, చెవిలో పెద్దాయన గొంతు, వెనక నలుగురు మనుషులు. తేమ పట్టిన గోడ. ఒకే కుర్చీ. కుర్చీ ఖాళీ. తెగిన తాళ్ళు నేల మీద పడున్నాయి.

అవతలి వైపు పెద్ద తలుపు తెరిచి ఉంది, దాని ముందే జెట్టీ, జెట్టీ పక్కన ఓడ. క్రేన్ కొక్కేనికి ఒక చెక్కపెట్టె వేలాడుతూ పైకి లేస్తోంది. డేగ పరిగెత్తాడు. పది అడుగులు వెయ్యలేదు, చల్లటి గొట్టం మెడకి తగిలింది.

"చేతులు పైకి. మీవాళ్ళని అక్కడే ఆగమను." గ్రే రింగ్ నాయకుడు. గుండ్రటి మొహం, బొద్దు బుగ్గలు, మెత్తటి గొంతు. ఎక్కడైనా బ్యాంకులో చూస్తే లోన్ అడగాలనిపించే మనిషి. "పెట్టె ఓడలో పడ్డాక నిన్ను వదిలేస్తాను. ఏదైనా తెలివితేటలు చూపిస్తే నా మనిషి ఆ కొక్కెం ఇక్కడే వదిలేస్తాడు. కింద నీళ్ళు ముప్పై అడుగులు."

డేగ చేతులెత్తాడు. వెనక నలుగురూ ఆగిపోయారు. పెట్టె లేస్తూనే ఉంది, గాలికి మెల్లగా తిరుగుతోంది. అందులో బావ. ఉదయం నుంచి ఇంతే, కళ్ళెదురుగా కనిపించడం, చేతికి అందకపోవడం. ఓడ కూత వేసింది. ఐదూ యాభై తొమ్మిది.

క్రేన్ కేబిన్ మెట్ల మీద ఎర్ర స్కార్ఫ్ రెపరెపలాడింది.

నెమలి తీరిగ్గా పైకెక్కి, కేబిన్ తలుపు తీసి, డ్రైవర్ చెవి పక్కన చిన్న పిస్టల్ ఆనించింది. "బాబూ, దాన్ని వెనక్కి తిప్పి మెల్లగా దించు. లోపల పెద్దమనిషి ఉన్నాడు. కుదుపు వచ్చిందంటే ఊరుకోను."

నాయకుడు ఆశ్చర్యంతో తలెత్తి పైకి చూశాడు. ఒక్క రెప్పపాటు. డేగకి చేతకాని పనులు ఆ రోజు చాలా బయటపడ్డాయి గానీ, మెడ మీది తుపాకీ లాక్కోవడం వాటిలో లేదు. మిగతాది అతనితో వచ్చిన నలుగురూ చూసుకున్నారు. పెట్టె జెట్టీ మీద ఆనిన క్షణాన ఓడ కదిలింది, అది లేకుండానే.

మూత ఊడదీశారు. బావ మొహం పాలిపోయి ఉంది, పెదవులు ఎండిపోయాయి. కళ్ళు చికిలించి చూశాడు.

"చిన్నా, నువ్వా? మీ అక్కకి చెప్పలేదు కదా?"

"లేదు బావా."

"హమ్మయ్య," అని డేగ భుజం మీద వాలిపోయాడు. డేగ అతన్ని గట్టిగా పట్టుకున్నాడు, చాలాసేపు వదల్లేదు.

నెమలి మెట్లు దిగి వచ్చింది. ఎందుకు మనసు మార్చుకున్నావని డేగ అడిగాడు.

"మార్చుకోవడానికి నా మనసు ఎటుందో నీకేం తెలుసు?" అని నవ్వింది. తర్వాత నవ్వు తగ్గించింది. "ఆ గదిలో ఒకటే కుర్చీ. నిన్న భోజనానికి కట్లు విప్పితే మీ బావగారు లేచి, కూర్చోమ్మా అని నాకు వేశారు. ఈ ఉద్యోగంలో నాకు ఎవరూ కుర్చీ వెయ్యలేదు." ఎడమకాలి చెప్పు విప్పి అతని చేతిలో పెట్టింది. "ఇది మీ తాళంకప్పకి ఇచ్చెయ్. మొదటిరోజే తెలుసని చెప్పు. కుడిదానికన్నా బరువు."

ఒంటి చెప్పుతో అంత అందంగా నడిచి వెళ్ళిన మనిషిని రేవు అదివరకు చూసి ఉండదు.

రాత్రి తొమ్మిది కాకముందే బావా, బావమరిదీ ఇంటి గంట కొట్టారు. దారిలో అంతా అల్లుకున్నారు: క్యాంపులో ఫోన్ సిగ్నల్ లేదు, టెంటు తాడు ఒరుసుకుని చేతులు కమిలాయి, స్టేషన్ దగ్గర అనుకోకుండా ఇద్దరూ కలిశారు. శాఖలో ఇద్దరికీ కథలు అల్లడంలో నూటికి తొంభై దాటి మార్కులు.

అక్క తలుపు తీసింది. భర్త మొహం చూసింది. మణికట్ల చుట్టూ ఎర్రగా కమిలిన గీతలు చూసింది. తమ్ముడి ఒంటి మీది రేవు కూలీ చొక్కా చూసింది.

"క్యాంపులో ఫోన్ సిగ్నల్..." అని మొదలెట్టాడు బావ.

"సరే."

"టెంటు తాడు..."

"సరేనండీ. లోపలికి రండి." చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. నూనె తెచ్చి మణికట్లకి రాసింది, మెల్లగా, చుట్టూతా. మాత్ర, మంచినీళ్ళు చేతికిచ్చి మింగేదాకా నిలబడింది. "చిన్నా, నీ లెక్క సరిపోయిందా?"

"సరిపోయిందక్కా."

"మంచిది. కాళ్ళూ చేతులూ కడుక్కోండి, వడ్డిస్తాను."

వంటింట్లోకి వెళ్ళి కుళాయి పూర్తిగా తిప్పింది. ఆ నీళ్ళ చప్పుడు కింద ఆవిడ ఎంతసేపు ఏడ్చిందో, అటువంటి చప్పుళ్ళు విని చెప్పడంలో శిక్షణ పొందిన ఇద్దరూ ముందు గదిలో కూర్చుని, ఏమీ విననట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఇద్దరు గూఢచారులు మసులుతున్నారు. రహస్యం దాచడం వచ్చింది మాత్రం మూడో మనిషికి.